స్టేట్లీ నడక

వెనక అడుగుల చప్పుడు మళ్లీ మొదలైంది.

మ్యూరియల్ సట్‌క్లిఫ్ తల తిప్పలేదు. తిప్పకూడదు. శవం బండి ముందు నడిచే మనిషి మధ్యలో వెనక్కి చూడటం కంటే తలవంపుల పని థార్న్‌డెన్ ఊళ్లో ఇంకోటి లేదు. ఆమె తలమీద పొడుగు టోపీ ఉంది, చేతిలో నల్లకర్ర ఉంది, ఒంటిమీద మోకాళ్లు దాటిన నల్లకోటు ఉంది. వెనక వస్తున్న బండిలో రొట్టెల దుకాణం ఇల్లింగ్‌వర్త్ గారు పెట్టెలో పడుకుని ఉన్నారు. వీధికి అటూ ఇటూ ఇళ్లన్నీ కర్టెన్లు మూసుకున్నాయి. పొగచూరి నల్లబడ్డ గోడల పక్కన మగవాళ్లు టోపీలు తీసి నిలబడ్డారు.

ఇంజను చప్పుడు వినబడుతోంది. తడిసిన రాళ్లమీద చక్రాల చప్పుడు వినబడుతోంది. ఆ రెండూ కాక, బండికీ తనకీ నడుమ ఉన్న ఖాళీలో చిన్న చిన్న అడుగులు. కొత్తగా నడక వచ్చిన పిల్ల అడుగులు. టపటపమని నాలుగడుగుల పరుగు, కాసేపు ఆగడం, మళ్లీ పరుగు. మ్యూరియల్‌ని అందుకోలేక ఆ పిల్ల వెనకబడిపోతోంది. వెనక బండి వస్తోంది.

మ్యూరియల్ ఆగిపోయింది. ఆగాలని అనుకోలేదు, కాళ్లే ఆగాయి. బండి తోలుతున్న గోర్డన్ చటుక్కున బ్రేకు తొక్కాడు. పెట్టెమీద పూలచక్రం జారి అద్దానికి కొట్టుకుంది. వెనక కారులో ఉన్న ఇల్లింగ్‌వర్త్ గారి భార్య ఏడుపు ఆపి తల ఎత్తి చూసింది. వీధి వీధంతా చూసింది.

థార్న్‌డెన్‌లో చావుల దగ్గర అందరి నోటా వచ్చే మాట ఒకటుంది: స్టేట్లీ. మన భాషలో దానికి సరిపోయే మాట కోసం నేను చాలా వెతికాను. పెళ్లికొడుక్కి దర్జా ఉంటుంది, ఏనుగుకి ఠీవి ఉంటుంది, ఊరి పెద్దకి హుందాతనం ఉంటుంది. థార్న్‌డెన్ వాళ్లు ఆ మూడింటినీ ఒక్క మాటలో కుక్కి, దాన్ని శవం బండి ముందు నడిచే నడకకి అంటగట్టారు. బతికున్న మనిషిని స్టేట్లీ అన్నారంటే వెక్కిరిస్తున్నట్టే లెక్క. మేయరు గారి భార్య కొత్త కోటు తొడుక్కుని బజారుకి వచ్చిందంటే, "అబ్బో, ఎంత స్టేట్లీగా వస్తోందో! పెట్టె ఎక్కడే తల్లీ?" అని చేపలు అమ్మే ఆడవాళ్లు పగలబడి నవ్వుతారు. అదే ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం, పాదిరి గారి ప్రార్థన కంటే ముందు ఆ మాటే అడుగుతారు. "మా అమ్మకి స్టేట్లీగా జరగాలండీ." దానికి అర్థం పూలు కాదు, పాలిష్ పెట్టిన ఇత్తడి పిడులూ కాదు. సట్‌క్లిఫ్ గారు ముందు నడవాలని.

ఆ సట్‌క్లిఫ్ గారు మ్యూరియల్ తండ్రి ఎనోక్. అంత్యక్రియలు జరిపించే దుకాణం వాళ్ల తాత పెట్టింది. దాని వెనక పెరట్లో కూతురికి నడక నేర్పింది ఎనోకే. అప్పటికి మ్యూరియల్ మొగుడు పక్క ఊళ్లో పని చూసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆడది శవం ముందు నడవడమేమిటని ఊరంతా ముక్కున వేలేసుకుంటే ఎనోక్ లెక్కచేయలేదు.

"నెమ్మదిగా నడుస్తున్నావు," అని విసుక్కున్నాడు మొదటిరోజు. "నెమ్మదిగా నడవడానికి నువ్వెందుకు, రామ్స్‌డెన్ గారి ఆవు చాలు."

"నువ్వే కదా నాన్నా స్టేట్లీగా నడవమన్నావు?"

"ఆ మాటకి నెమ్మది అని ఎవడు చెప్పాడే నీకు? వెనకున్న మనిషి బతికుండగా ఎంత వేగంగా నడిచేదో ఆ వేగంతో నడవాలి. కీళ్లనొప్పుల ముసలాయనకి ఒక నడక. పోస్టుమానుకి ఇంకో నడక. నువ్వు పెట్టెని లాక్కెళ్లట్లేదు అమ్మడూ. వెనకాల ఒక మనిషి నడిచొస్తోంది. ఆ మనిషి నిన్ను దాటకూడదు, నీ నుంచి వెనకబడకూడదు. అంతే స్టేట్లీ అంటే."

ఎంత దూరం నడవాలనేదీ ఆయనే నేర్పాడు. ఎవరికైనా సరే వీధి మలుపు దాకా. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, టోపీ తీసి పెట్టెకి వంగి వందనం చేయాలి. వెనక్కి తిరగడానికి అనుమతి ఆ ఒక్కసారే. తరవాత బండెక్కి శ్మశానం దాకా కూర్చునే వెళ్లాలి, ఎందుకంటే శ్మశానం కొండమీద ఉంది. మిల్లు యజమాని పోయినప్పుడు, కొండదాకా నడవమని కొడుకులు బతిమాలారు. ఎనోక్ ఒప్పుకోలేదు. "మొత్తం దారి నడిచేది సొంతమనిషికే," అన్నాడు. భార్య పోయినప్పుడు మొత్తం దారి నడిచాడు. కొన్ని నెలల కిందట ఆయన పోయినప్పుడు మ్యూరియల్ నడిచింది.

ఆ అడుగులు మొదలైంది ఆరోజునే. కొండ సగం ఎక్కాక.

ఎవరి అడుగులో ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పలేదంతే. ఇరవై మూడేళ్ల కిందట, పెద్ద మంచు పడిన ఫిబ్రవరిలో, ఆస్పత్రిలో ఆమెకి బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఒక తువ్వాల్లో చుట్టి పట్టుకుపోయారు. ఆడపిల్ల అని కూడా చెప్పేవాళ్లు కాదు, చిన్న నర్సు నోరు జారింది కాబట్టి తెలిసింది. తల్లికి చూపించకూడదు, పేరు పెట్టకూడదు, ఆ ఊసే ఎత్తకూడదు, త్వరగా ఇంకో బిడ్డని కనాలి. అప్పటి రివాజు అది. ఎవడు పెట్టాడో ఆ రివాజు, వాడి నోట్లో మన్ను పడ.

అలాంటి బిడ్డలకి వేరే గొయ్యి తవ్వేవాళ్లు కాదు. ఆ వారంలో ఎవరు పోతే వాళ్ల పెట్టెలో, కాళ్ల దగ్గరో పక్కనో, చడీ చప్పుడూ లేకుండా సర్దేసేవాళ్లు. ఆ పోయినవాళ్ల బంధువులకి కూడా చెప్పేవాళ్లు కాదు. ఈ సంగతి దుకాణంలోకి వచ్చాకే మ్యూరియల్‌కి తెలిసింది. తెలిసిన రోజున చేతిలో ఉన్న గుడ్డ కింద పడేసి నేరుగా తండ్రి దగ్గరికి వెళ్లింది.

"ఎవరి పెట్టెలో పెట్టావు నాన్నా?"

ఎనోక్ మొహం తిప్పుకున్నాడు. "మంచి చోటే పెట్టాను. అంతకంటే అడక్కు."

"నా బిడ్డ. నేనడగక ఎవరడుగుతారు?"

"చోటు తెలిస్తే నువ్వు అక్కడే కూర్చుండిపోతావు అమ్మడూ. మీ అమ్మకి నేను మాటిచ్చాను. నడిచే కూతురు కావాలి మాకు, కూర్చునే కూతురు కాదు."

ఆ తరవాత ఆమె అడగలేదు. ఎన్నో పెట్టెల్ని కొండెక్కించింది. ఎక్కించిన ప్రతిసారీ చుట్టూ ఉన్న రాళ్లమీద పేర్లు చదివేది. ఈవిడ దగ్గరా? ఆ సైనికుడి దగ్గరా? తాగి కాలవలో పడ్డ ఆ తిట్టుబోతు దగ్గరా? శ్మశానంలో ఏ గడ్డి తొక్కాలన్నా ఆమెకి కాలు ఆడేది కాదు.

చివరి రోజుల్లో ఎనోక్‌కి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచంలో పడుకుని, దుప్పటి మీద రెండు వేళ్లు నడిపించేవాడు. దిండు దగ్గర మొదలుపెట్టి కాళ్లవైపు చెయ్యి సాగినంత దూరం, చిన్న చిన్న అడుగులుగా. మళ్లీ దిండు దగ్గరికి తెచ్చి మళ్లీ మొదలు. "అలాగే నాన్నా, నీకు మొత్తం దారి నడుస్తాను," అంది మ్యూరియల్. ఆయన కాదన్నట్టు తల ఊపాడు. మళ్లీ వేళ్లు నడిపించాడు. ఆమెకి అర్థం కాలేదు. ఆయన కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి.

ఇల్లింగ్‌వర్త్ గారి శవయాత్ర అయిన మర్నాడు ఆయన భార్య దుకాణానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ముప్పై ఏళ్లు ఆ మనిషి తెల్లారకుండా లేచి ఊరికి రొట్టె పెట్టాడు. ఆయన కోరింది ఒక్కటే కదమ్మా. స్టేట్లీగా జరగాలని. నువ్వు నడి వీధిలో గాడిదలా ఆగిపోయావు. మీ నాన్న చూస్తే ఏమనేవాడు?"

ఆమె వెళ్లాక గోర్డన్ టోపీ చేత్తో తిప్పుకుంటూ నిలబడ్డాడు. అతను పెదనాన్న కొడుకు, దుకాణంలో సగం వాటాదారు, మనసులో మాట దాచుకోవడం చేతకానివాడు.

"అక్కా, ఇది మూడోసారి. నేను బ్రేకు తొక్కకపోతే నువ్వే ఇంకో పెట్టెలో ఉండేదానివి. హ్యాలిఫాక్స్ నుంచి ఒకాయన వస్తానంటున్నాడు, సైన్యంలో పనిచేశాట్ట. కవాతు బాగా చేస్తాడు."

"కవాతు చేస్తాడా! శవం ముందు కవాతు చేస్తాడుట్రా?"

"మరి నువ్వు నడవలేకపోతున్నావు కదే. సోమవారం నుంచి ఆయన వస్తాడు. నువ్వు లోపల పూలూ అవీ చూసుకో."

నడవడం మానేస్తే అడుగులు వినబడవు. అది ఆమెకి తెలుసు. అయినా ఊరట కలగలేదు. ఆ బిడ్డ ఎక్కడుందో తెలియకపోయినా, వెనకాలైనా ఉంది. నడక మానేస్తే వెనకాల కూడా ఉండదు.

ఆ మధ్యాహ్నం వెనక గదిలో ఇత్తడి పిడులు తోముతూ కూర్చుంది. ఎదురుగా విల్ఫ్రెడ్ కూడా తోముతున్నాడు. నలభై ఏళ్లుగా పెట్టెలు మోస్తున్న భుజం అతనిది, ఎడమవైపు కిందికి దిగిపోయింది. మ్యూరియల్‌ని ఎత్తుకుని తిప్పినవాడు. అతను ఆమె కప్పులో టీ పోసి, పంచదార ఓ చెంచా ఎక్కువే వేశాడు.

"ఆ రొట్టెలావిడ మాటలు పట్టించుకోకమ్మా. బతికుండగా మొగుణ్ణి ఆవిడ అన్న మాటలు వింటే, ఆయన పెట్టెలోంచి లేచి మనకన్నా ముందు కొండెక్కేవాడు."

మ్యూరియల్ నవ్వబోయి మానేసింది. "నాన్న ఒక్కసారీ తడబడలేదు బాబాయ్."

"ఎవరు చెప్పారు? తడబడ్డాడు. నియమం కూడా తప్పాడు." విల్ఫ్రెడ్ తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆయన పరువు పోతుందని ఇన్నాళ్లూ అనలేదు. ఆయనా పోయాడు, మీ అమ్మా పోయింది, ఇంకెవరికి నష్టం. హెప్సీ థ్వైట్ గుర్తుందా నీకు?"

గుర్తులేకపోవడమేమిటి. మిల్లుకి వెళ్లే తల్లులందరి పిల్లల్నీ పెంచింది హెప్సీ ఆంటీ. పెళ్లి చేసుకోలేదు, సొంత పిల్లలు లేరు. ఊళ్లో సగంమంది ఆమె ఒళ్లో పెరిగినవాళ్లే, మ్యూరియల్‌తో సహా.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడే పోయింది ఆవిడ, అందుకే ఆ శవయాత్ర సంగతి నీకు తెలీదు. నా అన్నవాళ్లు లేరు, ఊరి ఖర్చుమీద గొయ్యి. ఆ మంచులో మేం నలుగురం, బండి, మీ నాన్న. మలుపు దగ్గర ఆగి వంగుతాడు, బండెక్కుతాడనుకున్నాం. ఆగలేదమ్మా! కొండపైదాకా నడిచాడు. మొత్తం దారి!" విల్ఫ్రెడ్ మోకాలిమీద చరిచాడు. "ఇంకేముంది, మాకు తెలిసిపోయింది. హెప్సీతో మనవాడికి ఏదో నడిచిందిరా అనుకున్నాం. ఏళ్ల తరబడి చాటుగా నవ్వుకున్నాం. 'హెప్సీ' అంటే చాలు, మీ నాన్న మొహం గోడలా అయిపోయేది."

మ్యూరియల్ పిడి కింద పెట్టింది. "తడబడ్డాడన్నావు."

"అదే కదా విచిత్రం. అంత చిన్న అడుగులు ఆయన వేయగా నేనెప్పుడూ చూళ్లేదు. నాలుగు వేయడం, ఆగడం. మళ్లీ నాలుగు. బండి వేడెక్కి పొగలు కక్కింది. హెప్సీ ఏమో చచ్చేదాకా గుర్రంలా నడిచిన మనిషాయె! ఆవిడ నడక అది కానే కాదు. ఏడుస్తున్నాడేమో, కాళ్లు ఆడట్లేదేమో అనుకున్నాం..."

విల్ఫ్రెడ్ మాట మధ్యలో ఆగిపోయింది. మ్యూరియల్ మొహం చూశాడు. ఆ ఫిబ్రవరి, ఆ ఆస్పత్రి, ఆ అడుగులు, అన్నీ ఒక్కసారే అతని బుర్రలోకి వచ్చినట్టున్నాయి.

"అయ్యో దేవుడా," అన్నాడు. "అమ్మాయ్, మాకు తెలీదు. ఒట్టు. మోసినవాళ్లం, మాకే తెలీదు."

మొత్తం దారి నడిచేది సొంతమనిషికే. ఆ మనిషి ఎంత వేగంగా నడిస్తే అంత వేగం. ఒక్క అడుగూ వేయకుండా పోయిన బిడ్డకి ఏ వేగం అని ఎంత ఆలోచించి ఉంటాడో ఆ మంచులో! ఊరందరి పిల్లల్నీ ఎత్తుకున్న చేతులు చూసి, ఆ చేతుల్లో పెట్టాడు. పెట్టి, పైకి చెప్పుకోలేక, మగవాళ్ల వెకిలి నవ్వులు భరించి, నోరు పడిపోయాక దుప్పటి మీద వేళ్లతో చెప్పాడు. తండ్రి మీద ప్రేమా కోపమూ ఒక్కసారే పొంగాయి మ్యూరియల్‌కి. ఒక్క మాట చెబితే ఏం పోయేది నాన్నా? ఇరవై మూడేళ్లు!

ఆమె లేచింది. కోటు తొడుక్కుంది. అద్దం ముందు నిలబడి పొడుగు టోపీ సరిచేసుకుంది, కర్ర తీసుకుంది. పెరటి గేటు దగ్గర గోర్డన్ బండి కడుగుతున్నాడు.

"ఎక్కడికక్కా? ఈరోజు మనకేం లేవే. బండి తీయనా?"

"వద్దు."

"బండి లేకుండా ఆ వేషం వేసుకుని... జనం చూస్తే ఏమనుకుంటారే!"

వెనకే వచ్చిన విల్ఫ్రెడ్ తన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. "నోరు మూసుకుని నువ్వూ టోపీ తియ్యరా," అన్నాడు.

మ్యూరియల్ గేటు దాటింది. కాసేపు ఏమీ వినబడలేదు. తరవాత వినబడింది. టపటపమని నాలుగడుగులు. ఈసారి ఆమె నాలుగు చిన్న అడుగులు వేసి ఆగింది. వెనక చప్పుడు దగ్గరకొచ్చింది. మళ్లీ నాలుగు వేసింది. వెనకబడలేదు. ఇన్ని నెలలూ ఆ పిల్లని ముసలాళ్లతోటీ పోస్టుమాన్లతోటీ పరుగెత్తించింది తను.

వీధిలో జనం మామూలుగా తిరుగుతున్నారు. ముందు చూసింది సంచీతో వస్తున్న ఒక ముసలావిడ. ఆగి, గోడవైపు జరిగి తలవంచింది. మగవాళ్లు టోపీలు తీశారు. ఒక్కో ఇంటికీ కర్టెన్లు మూసుకోవడం మొదలైంది. మలుపు దగ్గర బస్సు నిలిచిపోయింది, డ్రైవరు హారను కొట్టలేదు. అందరూ ఆమెని చూశారు. ఆమె వెనక ఖాళీ రోడ్డుని చూశారు. ఎవరూ నవ్వలేదు.

రొట్టెల దుకాణం ముందు ఇల్లింగ్‌వర్త్ గారి భార్య నల్లబట్టల్లో నిలబడి ఉంది. పక్కనున్నావిడ, "ఎవరు పోయారండీ? బండేదీ?" అని గుసగుసలాడింది.

"ఎవరో ఉన్నారు," అంది ఆవిడ. చూపు తిప్పకుండా, అద్దానికున్న తెర కిందికి లాగింది. "ఆ నడక చూడు. ఎంత స్టేట్లీగా ఉందో చూడు."

మలుపు దగ్గర మ్యూరియల్ ఆగలేదు. వెనక్కి తిరగలేదు. కొండ ఎక్కింది. పొగమంచు దిగుతోంది. ఏటవాలు దగ్గర చిన్న అడుగులు అలిసిపోయి ఆగినప్పుడల్లా తనూ ఆగింది.

ఊరి ఖర్చుమీద పాతిపెట్టినవాళ్ల మూల శ్మశానానికి కింది అంచున ఉంది. అక్కడ రాళ్లు లేవు, పేర్లు లేవు. హెప్సీ దగ్గర మాత్రం గడ్డి ఎప్పుడూ కోసి ఉండేది, ఫిబ్రవరిలో తెల్ల పూలు వచ్చేవి. ఆ పూల దుంపలు పాతింది ఎనోకే. బీదవాళ్ల మీద జాలికొద్దీ అనుకుంది మ్యూరియల్ ఇన్నాళ్లూ.

అక్కడ ఆగింది. ఇప్పుడు వెనక్కి తిరగవచ్చు. టోపీ తీసి, తిరిగింది.

పొగమంచు, తడిసిన దారి. ఇంకేమీ కనబడలేదు. పెద్దవాళ్లకి నడుము దాకా వంగితే చాలు. ఆమె వంగి, ఇంకా వంగి, రెండు మోకాళ్లూ బురదలో ఆనించి, చేతులు చాపింది.

"వచ్చేశాం అమ్మడూ," అంది.

టపటపమని నాలుగడుగులు. అవి ఆమె చేతుల్లోకి రాలేదు. పక్కనుంచి దాటి, ఆ పూలు పూసే చోటికి వెళ్లి, ఆగాయి. ఆగినచోట ఇంక చప్పుడు లేదు. అది హెప్సీ ఒడి అని, ఆ బిడ్డకి తెలిసిన ఒడి అదొక్కటేనని మ్యూరియల్‌కి అర్థమైంది. అర్థమై, గొంతెత్తి ఏడ్చింది.

కొండ దిగేటప్పుడు టోపీ చేతిలోనే ఉంది. వెనక ఏ చప్పుడూ లేదు. జారే రాళ్లమీద కర్ర ఊతంగా, ఒక్కో చోట తూలుతూ, ముక్కు చీదుకుంటూ దిగింది. ఇష్టమొచ్చినన్నిసార్లు వెనక్కి తిరిగి చూసింది.